మేకపిల్ల చాటు చెయ్యి

అచ్చయి వచ్చిన పుస్తకం తెరిచి, “ఈ పిల్ల ఎవురు నాయనా?” అని రత్నమణి అడగ్గానే కంబన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కథా అతనిదే, బొమ్మలూ అతనివే. మేకపిల్లను పెంచుకునే రంగి అచ్చం నువ్వేనమ్మా అని కూతురికి ఏడాదిగా చెబుతున్నాడు. బడి తెరిచేసరికి పుస్తకం చేతిలో పెడతానని మాటిచ్చాడు. అందుకే ఎనిమిదేళ్ళ పిల్లను మొదటిసారి కడపకు తీసుకొచ్చాడు. తీరా చూస్తే, పుస్తకంలో ఉన్నది ఎవరో!

ఎండకు తలమీంచి తువాలు కప్పుకుని గుమ్మంలో కూర్చున్న బిడ్డను అక్కడే ఉండమని, అచ్చాఫీసులోకి దూసుకుపోయాడు.

“నా బొమ్మలు మార్చిందెవురు శెట్టీ?”

అచ్చాఫీసు యజమాని కేశవయ్య శెట్టి తొణకలేదు. అచ్చురాతి మీద బొమ్మను కుడి ఎడమలు తిరగేసి గీయాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. కంబన్న ఆ సంగతి మరిచాడనీ, అందుకే రంగి ప్రతి బొమ్మలోనూ ఎడమచేత్తో పనులు చేస్తోందనీ ఆయన అనుకున్నాడు. పరువు కాపాడదామని ఇంకొకడితో మళ్ళీ గీయించాడు.

“మేకపిల్లను పక్కకు జరిపిచ్చి, కుడిచెయ్యి పెట్టిచ్చినా. ఎంత ముద్దుగా ఉండాదో చూడప్పా. కర్నూలు రాజధాని అయినాక పెద్దపెద్దోళ్ళ బిడ్డలు చదువుతారు. పుర్రచేత్తో బువ్వ తినేది నేర్పుతామా?”

ఇరవై ఏళ్ళుగా రాళ్ళ మీద గీస్తున్నవాడికి కుడి ఎడమలు తెలియవట! కంబన్నకు ఒళ్ళు మండిపోయింది.

“మరిచి గీయలేదు. నా బిడ్డ ఆ చేత్తోనే తింటాది, ఆ చేత్తోనే రాస్తాది. బళ్ళో పిల్లోళ్ళు ఎక్కిరిస్తాండారనే ఈ పుస్తకం రాసినా. నా బొమ్మలు నాకు మళ్ళా ఎయ్యి. ఈ కట్టలు గడప దాటనియ్యను.”

అంటూ పుస్తకాల కట్టల మీదే కూర్చున్నాడు. దాంతో శెట్టికీ కోపం ముంచుకొచ్చింది. కన్నబిడ్డకు అలవాటు మాన్పించలేని తండ్రి ఊరందరి పిల్లలకూ అంటిస్తాడా అని కడిగేశాడు. బెత్తం తీస్తే నాలుగు రోజుల్లో దారికొస్తుందన్నాడు. కంబన్న పళ్ళు కొరికాడు. జవాబు నాలుక చివరే ఉంది. గుమ్మంలో బిడ్డ వింటుండగా అది అనడానికి మాత్రం నోరు రాలేదు.

శెట్టి తనే గెలిచాననుకున్నాడు. ఎట్లా మాన్పించాలో తను చూపిస్తానంటూ డబ్బాలోంచి బొరుగుల ఉండ తీసి, రత్నమణి ముందు వంగాడు. పిల్ల నవ్వి ఎడమచెయ్యి చాపింది. శెట్టి ఉండను వెనక్కి లాక్కున్నాడు.

“ఆ చెయ్యి గాదు తల్లీ. రెండో చెయ్యి చాపు, ఇస్తా.”

కంబన్న ఒక్క ఉదుటున లేచాడు. అప్పటికే పిల్ల తువాలు పక్కకు తీసి, శెట్టి మొహంలోకి చూస్తూ, తెలియనివాళ్ళకు చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

“దాన్ని ఆస్పత్రిలో తీసేసినారు తాతా.”