వెనక అర్ర

తొలకరి వానకే ఇల్లు కురిసింది.

కొమురవ్వ బొంతలు మూలకు గుంజి, కారిన చోటల్లా గిన్నె పెట్టింది. గిన్నెలు చాలలేదు.

వెనక అర్రలో కిరాయికుండే సత్యవ్వ, తన అన్నం వండుకునే గిన్నె తెచ్చి దూలం కింద పెట్టింది.

"మరి నువ్వు దేంట్ల వండుకుంటవక్కా?"

"వాన నిలవనీ. అందాక ఆకలి ఆగుతది."

"గీ ఇంటి దొరకేంది, హైదరాబాదుల మేడల పండుకున్నడు. కిరాయి మనం కట్టాలె, గిన్నెలూ మనమే పెట్టాలె!"

"నేను ఫోను చేస్త తియ్యి," అంది సత్యవ్వ.

తెల్లారి పెంకులు సర్దే మనిషి వచ్చాడు.

జగిత్యాల చివర బీడీలు చేసేవాళ్ల వాడ అది. కోనరావుపేట దిక్కు పల్లెలో పోలీసులకు, అన్నలకు నడుమ నలిగి, కిష్టయ్య, కొమురవ్వ అక్కడికి వచ్చి పడ్డారు. ముందు భాగం వాళ్లది. వెనక అర్ర సత్యవ్వది.

ఇంటి యజమాని ఎవరో వాడలో ఎవరికీ తెలియదు. అన్నల భయానికి ఊరు విడిచిన దొరల్లో ఒకడని మాత్రం చెప్పుకునేవారు. ఇల్లున్న దొర ఇల్లు నాదని చెప్పుకోని రోజులవి.

కిరాయి సత్యవ్వ చేతికిస్తే, తనదీ కలిపి దొరకు పంపుతాననేది.

సత్యవ్వకు నా అనేవాళ్లు లేరు. పనీ సరిగా రాదు. ఊడిస్తే సగం చెత్త వెనకే మిగిలేది. కొమురవ్వ దగ్గర బీడీ నేర్చుకుంది గానీ, చుడితే బొటనవేలంత లావు.

"ఏ దొరసాని కడుపున పుట్టినవక్కా!" అని కొమురవ్వ ఎకసెక్కమాడితే, నవ్వి ఊరుకునేది.

వచ్చిన కొత్తలో కొమురవ్వ భయం భయంగానే అడిగింది. "మా కులం తెల్సు గదా. మా ఇంట్ల తింటవా?"

సత్యవ్వ అన్నం పెట్టిన తల్లె దగ్గరికి గుంజుకుంది.

"తోడు కూసోని తిని ఎన్నేండ్లైందో," అంది.

కిష్టయ్య మస్కట్ పోయి, రెండేండ్లు రాళ్లు మోసి తిరిగొచ్చాడు. చేతిలో నాలుగు పైసలున్నాయి. ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"కిరాయి ఇల్లే నయం," అన్నాడు కిష్టయ్య. "కురిస్తే దొర సూసుకుంటడు. కాలం బాగ లేకపోతే మూట గట్టుకొని పోవచ్చు. గీ పైసలతోని ఇంకో వీసా తీస్త."

"నువ్వు మస్కట్ల ఉంటవు. ఖాళీ చెయ్యమంటే సామాను నెత్తిన పెట్టుకొని తిరిగేది నేను. గోడకు మేకు కొట్టాలన్నా ఒకల్ని అడగాలె. ఇంకెన్ని గోడలు మారాలె నేను?"

"ఇల్లు కొని దాన్ని నాకుతవా?"

"నాకుత! నాదైతే నాకుత!"

తెగలేదు. కొమురవ్వ వెనక అర్రకు పోయి సత్యవ్వను చెయ్యి పట్టుకుని తెచ్చి నడుమ కూర్చోబెట్టింది.

"నువ్వు చెప్పక్కా."

సత్యవ్వ ఆ కురిసిన దూలం వైపు చూసింది.

"కొనుక్కోండ్రి. లెవ్వుమని ఎవ్వలు అనని జాగ ఒకటుండాలె ఆడదానికి. గిదే కొనుక్కోండ్రి. నేను అడిగి సూస్త."

రెండు రోజులకు ధర చెప్పింది. ఆ ధరకు వాడలో గుడిసె కూడా రాదు.

కిష్టయ్య అయినా బేరం విడవలేదు.

"జడుసుకొని ఉరికినోడు. ఇంకింత దిగుతడు, అడుగు. తాతల కాన్నుంచి మాతోని వెట్టి చేపిచ్చుకొని, మా రెక్కల కష్టం గుంజుకున్నోళ్లే గదా గీ దొరలు!"

"అవును," అంది సత్యవ్వ. "గుంజుకున్నదే."

పోయి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది.

"ఒప్పుకున్నరు."

కొమురవ్వ ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పింది.

రిజిస్ట్రేషన్‌కు రోజు కుదిరినంక, ఒక మధ్యాహ్నం ఇద్దరూ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సత్యవ్వ ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"కొమురవ్వా, ఇల్లు మీదైనంక నన్ను గా అర్రల ఉండనిస్తరా? కిరాయి ఇస్త."

కొమురవ్వ చుడుతున్న బీడీని చాటలో పెట్టింది.

అత్త పల్లెలో ఒక్కతే ఉంది. పోలీసులు వచ్చినప్పుడల్లా ఆ ముసలిదాన్ని వాకిట్లోకి గుంజి, కొడుకు కిష్టయ్య ఏడి, అన్నల్ల కలిసిండా అని అడుగుతున్నారు. తెచ్చుకుందామంటే ఉన్నది ఆ ఒక్క అర్ర.

"మా అత్తను తెచ్చుకోవాలె అక్కా. నీకేంది, ఒక్క పానం. ఏడనన్న దొరుకుతది."

సత్యవ్వ ఇంకో ఆకు అందుకుంది.

"గదీ నిజమే. ముసలామెను తెచ్చుకో. గా మూలకు మంచం వెయ్యి, గాడ కురవదు."

రిజిస్ట్రేషన్ రోజు కొమురవ్వ లేచేసరికి వెనక అర్ర తలుపు తీసే ఉంది. సత్యవ్వ లేదు. ఆమె రేకు పెట్టె లేదు. అర్ర ఊడ్చి ఉంది. ఈసారి వెనక చెత్త మిగల్లేదు.

"చెప్పకుంటనే పాయె," అన్నాడు కిష్టయ్య. "గంత కోపమా!"

"పాలు పొంగిచ్చేదాకనన్న ఉంటదనుకున్న," అంది కొమురవ్వ.

రిజిస్ట్రారాఫీసు నిండా జనం. కొమురవ్వ ప్రతి తెల్ల ధోవతినీ చూస్తోంది. వెట్టి చేయించుకున్న జాతి మొఖం ఒక్కసారి చూడాలని, కళ్లలోకే చూడాలని ఆమె తయారై వచ్చింది.

గుమాస్తా లోపలి నుంచి కేకేశాడు.

"ఇల్లు కొనేది కిష్టయ్యేనా? రా ముందుకు. అమ్మే దొరసాని ఏది? ఇందిరాదేవి ఎవరమ్మా?"

మూలబల్ల మీద, రేకు పెట్టె పక్కన, కొంగు తల మీదికి కప్పుకుని కూర్చున్న సత్యవ్వ వేళ్లకంటిన తంబాకు తుడుచుకుంటూ లేచి నిలబడింది.