పేరు లేని మెయిలు

"వెళ్లిపోయాయి! అన్నీ వెళ్లిపోయాయి!" సంహిత కుర్చీలోంచి లేచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఏ రేవు సూపర్‌వైజరుకు ఆ రేవు చేపల లెక్కలు ఎక్సెల్ ఫైలుగా విడదీసి, మెయిలుకు తగిలించి, తనంతట తానే పంపే ప్రోగ్రాం అది. రోజూ సాయంత్రాన్నంతా మింగేసే పని, టీ చల్లారేలోపు అయిపోయింది.

మేనేజరు వేంకటాచలం పెదవి విరిచాడు. ఆయన కీబోర్డును ఒక్క వేలితోనే, అదీ అనుమానంగా పొడుస్తాడు.

"మిషనుకి మర్యాదేటి తెలుస్తాది? ఒక్క తప్పు దొరకనీ, నీ ఉద్యోగం పర్మినెంటు అవదు."

తనకొచ్చిన నకళ్లు తెరిచి చూశాడు. దొరికింది. 'సోములు గారికి', 'లక్ష్మణమ్మ గారికి' అంటూ అందరికీ పేరు పెట్టి వెళ్లిన మెయిలు, ఓ రేవు సూపర్‌వైజరు పోతురాజుకు మాత్రం ఉత్త 'నమస్కారం'తో సరిపెట్టింది.

"ఇదేనా నీ ప్రోగ్రాం పస?"

"ప్రోగ్రాం తప్పు కాదు సార్. ఆయన పేరు రాకుండా నేనే రాశాను."

ఐసు లెక్క చెప్పడానికొచ్చిన అసిరమ్మ ఒక్కసారిగా లేచింది.

"ఏటే పంతులుగారమ్మాయీ! మా జాలరోడి పేరు రాస్తే నీ సెయ్యి మైల పడిపోతాదేటి?"

సంహిత ముఖం ఎర్రబడింది. తల దించుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ పోతురాజు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరే, నీకైనా రోషం లేదేట్రా?" అన్నాడు వేంకటాచలం.

"నాకేటీ బాద లేదు సార్. ఆ పిల్ల ఇష్టం."

"ఛీ, నీదీ ఓ బతుకేనా!"

వేంకటాచలం తెల్లకాగితం ఒకటి సంహిత ముందుకు విసిరాడు. "ఇప్పుడే వీడి పేరు పెట్టి మళ్లీ పంపు. లేదంటే రాజీనామా రాసి పో."

"పేరైతే పెట్టను సార్."

"అంత పొగరా!"

"సూసినారా, దాని కళ్లు నెత్తికెక్కేసినాయి!" అంది అసిరమ్మ.

సంహిత కాగితం దగ్గరకు లాక్కుని కలం తీసింది.

"మా ఇద్దరికీ సెలవు చీటీ రాస్తాను సార్, మొన్న శ్రీముఖలింగం గుడిలో పెళ్లి చేసుకున్నాం, రేపు మా అత్తగారింట్లో భోజనాలు, మీరూ అసిరమ్మత్తా తప్పకుండా రావాలి, మొగుడి పేరు నా నోటితోనే పలకను కదా, మిషను చేత ఎలా పలికిస్తాను?"