వెర్షన్ ఇరవై రెండు

సోమవారం పొద్దున మండపేట బస్సు ద్వారపూడి దాటుతుండగా దుర్గాశ్రీకి ఆఫీసు నుంచి సత్యశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, నా డెస్క్‌టాప్ మీద 'రాజీనామా-ఫైనల్-నిజంగా ఫైనల్' అని ఏదో ఫైలుందేంటి?"

దుర్గాశ్రీ చేతిలోని టిక్కెట్టు జారి పక్కావిడ పూలబుట్టలో పడింది.

"తెరిచావా?"

"తెరవకుండా ఎలా ఉంటానక్కా? మా వరసంతా తెరిచింది. పల్లంరాజుగారైతే పైకి చదువుతున్నారు."

రాజమహేంద్రవరంలోని ఆ ఆఫీసులో విదేశీ బీమా కాగితాలు చూసేవాళ్లు నూట నలభై మంది. వాళ్లలో ఎవరి బల్ల మీదా అసలు కంప్యూటరు లేదు. తెర, కీబోర్డు, అరచేయంత డబ్బా, అంతే. కంప్యూటరు క్లౌడ్‌లో ఉంటుంది. దుర్గాశ్రీ ఒక నమూనా కంప్యూటరు తయారుచేసి, దాన్ని ఇమేజ్‌గా దాచి, 'ఇదే డీఫాల్ట్ వెర్షన్' అని టిక్కు పెడుతుంది. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతివారికీ దాని నకలే వస్తుంది. అచ్చు ఎలా ఉంటే ఇటుకలన్నీ అలాగే.

శనివారం సాయంత్రం ఆమె వెర్షన్ ఇరవై రెండు తయారుచేస్తోంది. మేనేజర్ హరిబాబుగారు బెంగళూరు హెడ్డాఫీసు నుంచి ఎండీగారు ఫోన్లో పెట్టిన చీవాట్లు తిని వచ్చి, అందరి ముందూ ఆమె మీద అరిచారు. తప్పు ఆమెది కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

దుర్గాశ్రీ ఏడవలేదు. ఎదురుగా ఉన్న నమూనా కంప్యూటర్లోనే ఉత్తరం రాసింది. తిట్టు తెలుగులో అయితేనే ఒంటికి తగులుతుంది కాబట్టి తెలుగులోనే రాసింది.

'అయ్యా, ఇక్కడ చాకిరీ చేసేది ఒకరు, శాలువా కప్పించుకునేది మీరు. ఆదివారం పూట ఫోన్ చేసి చిన్న పనే అంటారు. నేను మీ బండికి స్టెప్నీని. పంక్చరైతే తప్ప మీకు గుర్తురాను...'

అలా పేజీన్నర.

కింద పేరు రాసేలోపే కోపం చల్లారింది. పంపే ఉద్దేశం మొదటినుంచీ లేదు. ఇంట్లో ఉద్యోగం ఉన్నది తనొక్కర్తికే. సేవ్ చేసి, ఇమేజ్ తీసి, డీఫాల్ట్ టిక్కు పెట్టి, బస్సు టైమైందని పరిగెత్తింది. ఉత్తరం తీసేయడం మర్చిపోయింది.

ఇప్పుడు బస్సులోనే, ఫోన్లో అడ్మిన్ పేజీ తెరిచి డీఫాల్ట్‌ని మళ్లీ ఇరవై ఒకటికి మార్చింది. కానీ అది కొత్తగా లాగిన్ అయ్యేవాళ్లకే పనిచేస్తుంది. ఇప్పటికే లోపలున్నవాళ్లు బయటికొచ్చి మళ్లీ వెళ్లాలి.

"సత్యా, వైరస్ వచ్చిందని చెప్పి అందరినీ లాగౌట్ చేయించవే."

"వైరస్సంటే ఎవరు కదులుతారక్కా? ఇంక్రిమెంట్ల లిస్టు కొత్త లాగిన్‌లో కనిపిస్తుందంటాను."

బస్సు కోటిపల్లి బస్టాండు చేరేసరికి నూట ముప్పై తొమ్మిది మంది పాత వెర్షన్‌లోకి వచ్చేశారు. ఇరవై రెండులో ఒక్క పేరే మిగిలింది. హరిబాబుగారు.

అడ్మిన్ పేజీ నుంచి ఆయన్ను బలవంతంగా బయటికి తోసేయొచ్చు. కానీ ఆయన చేస్తున్న పని పోతే ఆ గొడవ వేరే. దుర్గాశ్రీ దేవుడికి దండం పెట్టుకుని ఆయన గది తలుపు తోసింది.

ఆయన టైపు చేస్తున్నారు. తల ఎత్తలేదు.

"రామ్మా. కూర్చో."

మూడేళ్లలో ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. కూర్చుంది.

"సర్, మీ సిస్టమ్ ఒక్కసారి లాగౌట్ చేస్తే..."

"స్టెప్నీని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?"

"స్పేర్ టైర్ అంటారండి," అంది దుర్గాశ్రీ.

"స్పేర్ టైర్." ఆయన రెండుసార్లు అనుకుని టైపు చేశారు. "బాగుంది. చాకిరీ అన్న మాటకి?"

"సర్, అది... నేను..."

"పోనీలే, నేనే చూసుకుంటా. ఇంకో పావుగంట నా కంప్యూటర్ జోలికి రాకు."

ఆమె బయటికొచ్చి సీట్లో కూలబడింది. చార్జర్ సంచిలో పెట్టుకుంది. తెరకు అంటించిన వేంకటేశ్వరస్వామి బొమ్మ గోటితో పీకింది. సగమే వచ్చింది.

"నీ మాటలే నీకు అప్పజెప్పించాడా? ఎంత కసి!" అంది సత్యశ్రీ.

"ఉద్యోగం పోతే పోయిందిగానీ, అమ్మాయ్, స్టెప్నీ మాట మాత్రం పది కాలాలుంటుంది," అన్నారు పల్లంరాజుగారు.

పావుగంటకు హరిబాబుగారు బయటికొచ్చారు. మొహం విచ్చుకుని ఉంది. పెళ్లికొడుకులా చొక్కా సర్దుకున్నారు.

"ఇక మార్చుకోమ్మా. నా పని అయిపోయింది," అని టీకి వెళ్లారు.

దుర్గాశ్రీ ఆయన్ను కూడా ఇరవై ఒకటిలోకి మార్చింది. ఆ ఉత్తరం ఇంకెక్కడా లేదు. అయినా ఏం లాభం?

పన్నెండింటికి హెడ్డాఫీసు నుంచి స్టాఫందరికీ మెయిల్ వచ్చింది. దుర్గాశ్రీ కళ్లు మూసుకుంది.

"నువ్వే చదువు, సత్యా."

సత్యశ్రీ గొంతు సవరించుకుని చదివింది:

"హరిబాబుగారు ఈ ఉదయం మన ఎండీగారికి పంపిన రాజీనామాను, అందులో వాడిన భాషకు తీవ్రంగా విచారిస్తూ, తక్షణమే ఆమోదిస్తున్నాం."