అదే పదివేలు

ఇంజనులో విరిగిన కనెక్టింగ్ రాడ్డును బల్ల మీదికి విసిరి, "ఇది ఇనుమా, సుద్దముక్కా?" అని గర్జించాడు జెట్టు. రేసుల్లో అతన్ని అందరూ పిలిచే పేరది. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో.

ఇంజను మేస్త్రి ఆ ముక్కను వెలుతురు కేసి తిప్పి చూశాడు. రెండు నెలల్లో ఇది రెండో ఇంజను. రెండూ తన చేత్తో కట్టినవే. కట్టించుకున్నది సొంత చెల్లెలి మొగుడు కాబట్టి ముక్కను పక్కన పెట్టి, కొత్త ఇంజనుకి కాగితం, పెన్ను తీశాడు.

"పైగా పదింటికి రమ్మంటావు. మా ఇంట్లోనే పదైంది, వచ్చేసరికి షెడ్డుకి తాళం!"

"పదికి ఇంకా ఐదు నిమిషాలుంది బావా," అంటూ మేస్త్రి గోడ గడియారం చూపించాడు.

"నీ గడియారం కూడా నీ ఇంజన్ల లాంటిదే!"

"మా ఇంటిదే పావుగంట ముందుంటుంది అన్నయ్యా," అంది వెనకే వచ్చిన చెల్లెలు, గొంతు తగ్గించి. "నేనే అలా పెట్టాను. లేకపోతే ఈయన ఏ రేసుకీ టైముకి చేరరు."

జెట్టుకి ఆ మాట వినపడలేదు. అతను అప్పటికే విడిభాగాల క్యాటలాగులో తల దూర్చేశాడు.

"రాసుకో. పిస్టన్లు ఫోర్జ్‌డ్‌వి. పోతపోసినవి నా స్పీడుకి ఆగవు."

"రాశాను."

"రాడ్లు ఈ పేజీలోవి. అన్నిటికంటే గట్టివట. బోల్టులు కూడా కొత్తవే వెయ్యాలి."

"వేస్తాను."

"వాల్వు స్ప్రింగులు డబుల్‌వి. చూశావా, ఎంచుకోవడమంటే ఇలా ఉండాలి!"

నిజానికి మంచి ఎంపికే. పోయినసారి వేసినవీ అక్షరాలా అవే. జెట్టు అంత చిన్న సంగతులు గుర్తుపెట్టుకోడు.

"బావా, ఈ సరుకు నిమిషానికి ఎనిమిది వేల చుట్ల దాకా రాయిలా నిలబడుతుంది. ఇంజను బలమంతా అక్కడికే వచ్చేస్తుంది. ఆపైన పెరిగేది చప్పుడొక్కటే. ఎనిమిది దాటకుండా లిమిటర్ పెడతాను, నా మాట విను."

"నా కారుకి సంకెళ్లు వేస్తావా? మీటరు ముల్లు పదివేలు తాకకపోతే నాకు రేసు చేసినట్టే ఉండదు."

"ఇంజను ఒక్క ముక్కగా తిరిగొస్తే అదే పదివేలు అనుకునేవాళ్లం మేము."

"అందుకే నువ్వు షెడ్డులో ఉన్నావు, నేను ట్రాకు మీదున్నాను. ఈసారి కూడా విరిగిందో, మేస్త్రి చేతిలో పస లేదని మైకులో చెప్తా!"

మైకు లేకుండా ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాడు. ఆ మాటల పుణ్యమా అని ఈ నెలలో రెండు కార్లు గుమ్మం దాకా వచ్చి పక్క వీధికి మళ్లాయి. ఇరవై రెండేళ్లుగా సంపాదించుకున్న పేరు. మూడో ఇంజను కూడా పోతే ఇక షట్టరు దించుకోవడమే.

నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. నాలుగు పిస్టన్లనూ గ్రాము తేడా లేకుండా తూచాడు. బేరింగుల సందులు మూడేసి సార్లు కొలిచాడు. ప్రతి బోల్టునూ బిగించి, దాని మీద పసుపు రంగు గీత పెట్టాడు. జెట్టు కోరినట్టే లిమిటర్ జోలికి మాత్రం పోలేదు.

ఆదివారం రేసు. మేస్త్రి, చెల్లెలు కంచె పట్టుకుని నిలబడ్డారు. కారు ఎదురుగా వెళ్లిన ప్రతిసారీ మేస్త్రి చెవి రిక్కించి వింటూ, పొగ వస్తుందేమోనని వెనక్కి చూస్తున్నాడు. పద్దెనిమిదో రౌండు, పందొమ్మిదోది, ఆఖరి ఇరవయ్యోది. పొగ రాలేదు. ఈ సీజనులో ఒక్క రేసూ పూర్తిచేయని జెట్టు రెండో స్థానంలో వచ్చాడు.

హెల్మెట్ తీస్తూనే పరుగెత్తుకొచ్చాడు. "ప్రతి గేరులోనూ పదివేలు తాకించాను బావా! ఇంజను కిక్కురుమనలేదు! నేనెంచుకున్న రాడ్లంటే ఏమనుకున్నావు?"

ఆ తర్వాత మైకు దొరికింది. ఇంజను లోపలి భాగాలు ఎంచుకోవడం ఒక కళ అనీ, అది పుట్టుకతో రావాలనీ జెట్టు పదిహేను నిమిషాలు సెలవిచ్చాడు. చివర్లో, పోనీలే అన్నట్టు, బిగించిన బావ చేతిలోనూ కాస్త పస ఉందన్నాడు. ఆ ఒక్క మాటకే ఇద్దరు డ్రైవర్లు వచ్చి మేస్త్రి ఫోన్ నంబరు రాసుకున్నారు.

వాళ్లు వెళ్లాక చెల్లెలు దగ్గరికి జరిగింది. "నిజంగా పదివేలు తిరిగినా ఏమీ కాలేదా అన్నయ్యా?"

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"మీ గోడ గడియారానికి నువ్వు చేసిందే నేను మీటరుకి చేశానమ్మా. తిరిగింది ఎనిమిది వేలే. మీ ఆయనకి అదే పదివేలు!"