లంగరు అల్లిక

"చెయ్యి ఇటివ్వు," అన్నాడు గ్రెగర్, పెదవులు పెద్దగా కదపకుండా. "అమ్మ వెనక్కి తిరుగుతోంది."

షోనా చెయ్యిచ్చింది. ముందు నడుస్తున్న ఎఫీ కర్ర ఆనించి ఆగింది. కొడుకునీ కోడల్నీ ఎగాదిగా చూసి, మళ్ళీ అటు తిరిగింది. చేతులు వెంటనే విడిపోయాయి.

రేవు దగ్గర బయల్దేరినప్పటి నుంచీ ఇదే వరస.

కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం ఆ ఊళ్ళో లైఫ్‌బోట్ నడక. తుఫానులో చిక్కుకున్నవాళ్ళను ఒడ్డుకు చేర్చే పడవ కోసం ఊరంతా చందాలు వేసుకుంటుంది. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు పరిగెడతారు, లేనివాళ్ళు నడుస్తారు. దీపస్తంభం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. ఎఫీ భర్త ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ పడవ మీదే పనిచేశాడు. అందుకని ఎముకలు కొరికే చలైనా సరే, కుటుంబమంతా రావలసిందే. ఆవిడ అల్లిన స్వెట్టర్లు తొడుక్కోవలసిందే. ముదురు నీలం ఊలు, రొమ్ము మీద మెలికల తాడు, దాని మధ్య లంగరు. ఆ తీరంలో ఏ ఇంటి అల్లిక ఆ ఇంటిది. ఒక్కోటి పూర్తి చెయ్యడానికి ఎఫీకి ఒక ఋతువు పడుతుంది.

గ్రెగర్ ఆగస్టులో ఇల్లు వదిలి వెళ్ళాడు. పక్క ఊళ్ళో లిండ్సే అనే ఆమెతో ఉంటున్నాడు. ఎఫీకి అప్పటికి గుండె ఆపరేషనై కొన్ని వారాలే. ఆవిడకు కంగారు కలిగే మాటలేవీ చెప్పొద్దన్నాడు డాక్టరు. కాబట్టి చెప్పలేదు. పదిహేనేళ్ళ కూతురు కర్స్టీ కూడా నానమ్మ దగ్గర నోరు విప్పనని ఒప్పుకుంది.

షోనా భయం ఆ గుండె గురించి ఒక్కటే కాదు. భర్త ఎలాగూ వదిలి వెళ్ళాడు, సరే. విడాకులైతే అత్తగారు కూడా అతని వాటాలోకే పోతుంది. ఆదివారాలు ఆవిడ వంటింట్లో చేపల సూప్ తాగుతూ, ఇద్దరూ కలిసి ఊరందర్నీ ఆడిపోసుకోవడం పోతుంది. తల్లి లేని షోనాకు అది చిన్న సంగతి కాదు.

ఎఫీ భుజాన పెద్ద సంచీ వేలాడుతోంది.

"ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను పట్టుకుంటా."

"నువ్వొద్దమ్మాయ్. వాణ్ణి మొయ్యనీ."

గ్రెగర్ అందుకున్నాడు. "ఏముందమ్మా ఇందులో, ఇంత లావుంది?"

"చలికాలం కదరా. ఏదో ఒకటి దగ్గరుంచుకోవాలి. ఇంతకీ కారెక్కడ పెట్టావు?"

"ఐసు ఫ్యాక్టరీ వెనకాల. ఇక్కడ చోటు లేదు."

చోటు బోలెడు ఉంది. అతని కారు రిపేరు షెడ్డులో ఉంది కాబట్టి లిండ్సే తన కారులో దింపి, అతను తిరిగొచ్చేదాకా అందులోనే కూర్చుంది. ఆ కారుకి హీటరు పనిచెయ్యదు. వచ్చేటప్పుడు షోనా చూసింది, అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఎఫీ కూడా ఆ దారినే వచ్చింది. ఆవిడ చూపు నేల మీదే ఉండటం అదృష్టం.

ఎఫీ కాస్త ముందుకు వెళ్ళాక గ్రెగర్ గొంతు తగ్గించాడు. "ఇవాళ చెప్పేద్దామా? ఇంకెన్నాళ్ళని లిండ్సే అడుగుతోంది."

"నడక అవనీ."

"అయ్యాక?"

"వచ్చే ఏడు ఇంకో నడక ఉందిగా," అంది షోనా.

దీపస్తంభం దగ్గర మిసెస్ బుకన్ టీ పోస్తోంది. ఎఫీ చూస్తూ ఉండటంతో వీళ్ళు చేతులు పట్టుకునే నిలబడ్డారు.

"ఏం షోనా, కొత్త పెళ్ళికూతురిలా ఆ చెయ్యి వదలవేం?"

"దారి జారుతోంది. పడితే ఇద్దరం కలిసే పడదామని."

"వాడికి చిన్నప్పట్నుంచీ జారే అలవాటు," అంది ఎఫీ, టీ ఊదుకుంటూ.

గ్రెగర్ అవసరం కన్నా ఎక్కువ నవ్వాడు.

తిరుగుదారిలో గాలి ఎదురు కొట్టింది. ఎఫీ మరింత తరచుగా ఆగింది. ఆగినప్పుడల్లా తిరిగింది. తిరిగినప్పుడల్లా వీళ్ళు చేతులు కలిపారు. రేవు చేరేసరికి షోనా చేతి తొడుగు ఒకటి సాగిపోయింది.

పరుగు ఎప్పుడో ముగించిన కర్స్టీ సూప్ కప్పులతో ఎదురొచ్చింది. "నానమ్మా, నేను రెండో కప్పు కూడా తాగేశా. మీరింకా పాకుతూనే ఉన్నారు."

"మీ అమ్మా నాన్నా నడవనిస్తేగా."

ఎవరో నలుగుర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. నాలుగు లంగర్లు. ఇదే ఆఖరి ఫోటో కావచ్చు అనుకుంది షోనా. నవ్వమంటే నవ్వింది.

"ఆ సంచీ ఇలా తేరా," అంది ఎఫీ.

విప్పింది. లోపల కొత్త స్వెట్టరు, అదే ముదురు నీలం ఊలు. షోనా కళ్ళు అలవాటుగా లంగరు కోసం వెతికాయి. రొమ్ము భాగం బోసిగా ఉంది.

ఎఫీ ఒక చెయ్యి కోడలి చంకలో దూర్చి, రెండో చేత్తో ఆ స్వెట్టరు కొడుకు చేతిలో పెట్టింది.

"కారులో పొద్దుట్నుంచీ వణుకుతున్న ఆ పిల్లకిది ఇచ్చిరారా, సాదాగానే అల్లాను, లంగరు మాత్రం నాకూ షోనాకీ కర్స్టీకే."