గట్టు మీద గడ్డి

"మూడోసారి నాటించాను. ఒక్క దుబ్బు లేదు! నాటారా, నాటినట్టు నటించారా?" ఏటిగట్టు మీద ఇంజనీరమ్మ మేస్త్రీ మీద నిప్పులు చెరిగింది. పది రోజుల్లో వానలు. ఆలోగా గడ్డి వేళ్లూనకపోతే గట్టు ఏట్లో కలుస్తుంది.

"సోమవారం నాటామమ్మా. గురువారం పీకేశారు."

"ఎవరు?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మా ఆవిడ. గట్టు శుభ్రం చేసే జట్టు ఆవిడదే."

పక్కనే కొడవలితో నిలబడ్డ భార్య ఊరుకోలేదు. "గట్టు మీద గడ్డిపోచ కనబడకూడదని కాగితం ఇచ్చారు కదమ్మా. దీని మీదే ఇంట్లో మాకు రోజూ గొడవ."

ఇంజనీరమ్మ కాగితం లాక్కుని చూసింది. కింద సంతకం తనదే.

"మరి నాకు ఒక్క మాట చెప్పొద్దూ?"

"మూడు మీటింగుల్లోనూ చెయ్యెత్తానమ్మా. ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో మీరు జీపెక్కేశారు," అన్నాడు మేస్త్రీ.

జీపు హారన్ మోగింది. తర్వాతి మీటింగుకు వేళయింది.

"ఆపవయ్యా!" అని డ్రైవరు మీద అరిచి, ఆవిడ గట్టు మీదే చతికిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారమ్మా?"