వేములపల్లి టీం

"అన్నా, నీ ఇద్దరు పోరగాళ్లను ఇస్తవా? బదులు ఓపెనర్‌ను ఇస్తడంట."

ఫోన్‌లో శ్రీను మాట వినగానే ధర్మేందర్ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఎవరిస్తరంట?"

"వేములపల్లి టీం."

శ్రీనుకి కోదాడ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఉంది. 2011 ఎండాకాలంలో ఈ ఆట మొదలుపెట్టింది అతనే. ఎనిమిది మంది మనుషులు, ఎనిమిది టీంలు. అన్నీ కంప్యూటర్‌లోనే.

టీవీలో జరిగే క్రికెట్ మ్యాచ్‌లో మనం ఎంచుకున్న ఆటగాడు పరుగులు తీస్తే మన టీంకి పాయింట్లు. ఒకసారి తీసుకున్నవాడు ఏళ్ల తరబడి మనవాడే. కావాలంటే ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు.

ఆడేవాళ్లలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఊరి పేరే టీం పేరు. మాటలన్నీ శ్రీను ద్వారానే.

ధర్మేందర్‌ది చివ్వెంల టీం. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, కోదాడలో కిరాయి గది. తెల్లవారకముందే బస్సెక్కేవాడు. చీకటి పడ్డాక వచ్చి తలుపేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. అమ్మ పోయాక ఊరికి వెళ్లే పని కూడా లేకపోయింది.

వేములపల్లి అడిగిన ఇద్దరూ నూనూగు మీసాల కుర్రాళ్లు. నాలుగు మ్యాచ్‌లలో ఒకటి ఆడితే గొప్ప. కానీ ముందు ముందు వాళ్లదే రాజ్యమని ధర్మేందర్ నమ్మకం. ఓపెనర్ సంగతి వేరు. ఇప్పుడు పరుగుల వాన. వయసు మాత్రం వాలిపోతోంది.

"జర ఆగితే ఆ పోరగాళ్లు అక్కరకొస్తరు గదరా."

"ఆగు మరి. ఈసారి గూడ ఆఖరు నువ్వే."

ఆ మాట గుచ్చుకుంది.

ప్రమోషన్ కోసం ఆగాడు. మంచి సంబంధం కోసం ఆగాడు. ఆగి ఆగి తల నెరిసింది.

"ఇచ్చెయ్," అన్నాడు.

ఆ ఏడు చివ్వెంల టీం గెలిచింది. వేములపల్లి అట్టడుగున నిలిచింది.

"మంచి పిచ్చోడే దొరికిండురా మనకు," అని శ్రీనుతో నవ్వాడు ధర్మేందర్.

శ్రీను నవ్వలేదు.

ఆ గెలుపు సంగతి చెప్పుకోవడానికి ధర్మేందర్‌కి ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

మరుసటేడు అంతా తారుమారైంది. ఓపెనర్ మోకాలు పట్టేసి ఆట మానేశాడు. కుర్రాళ్లిద్దరూ చెలరేగిపోయారు. వేములపల్లి గెలిచింది. చివ్వెంల మళ్లీ ఆఖరుకే పడిపోయింది.

ఒకరోజు డ్యూటీలో ఉండగా ఫోన్ మోగింది.

"ధర్మేందర్ అన్నా, నా పేరు యోహాను. వేములపల్లి టీం నాదే."

అలసిన గొంతు. మాటమాటకీ ఆగుతోంది.

"ఏంది, చెప్పు."

"ఆదివారం నీకు సెలవు గదా. ఒకసారి చాయ్ తాగుదామన్నా?"

"గెలిచినవని సూపెట్టుకోనీకా?"

"అట్ల కాదు. మన పిల్లగాళ్ల గురించి జర మాట్లాడాలె."

"మన పిల్లగాళ్లా! ముసలెద్దును అంటగట్టి నా పోరగాళ్లను గుంజుకుంటివి. ఇగ మాట్లాడేదేముంది?"

అవతలి గొంతు ఇంకా మెల్లగా అడిగింది.

"గెలిచిన్నాడు సంతోషమైందా అన్నా నీకు?"

ధర్మేందర్ ఫోన్ కట్ చేశాడు.

ఆ నంబరు నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. పీడ పోయిందనుకున్నాడు మొదట్లో. ఆదివారం మధ్యాహ్నాలు గదిలో ఒక్కడే కూర్చున్నప్పుడు మాత్రం, పోయి ఉంటే ఏం పోయేది అనిపించేది. అతని జీవితంలో కలుద్దామని పిలిచినవాళ్లు ఎందరున్నారు గనక!

2014 మార్చిలో శ్రీను రమ్మన్నాడు. వెళ్లగానే కంప్యూటర్ అతని వైపు తిప్పాడు.

చివ్వెంల టీంలో ఆ ఇద్దరు కుర్రాళ్ల పేర్లున్నాయి.

"బదులెవర్ని అడిగిండు?" ధర్మేందర్ అనుమానంగా అన్నాడు.

"ఎవర్నీ అడగలె. ఒట్టిగనే ఇచ్చిండు."

"ఎందుకు?"

"మొదటి సంది ఆయన మాట అదేనన్నా. 'ధర్మేందర్ అన్నకు ఇప్పుడొక గెలుపు కావాలె. ఓపెనర్‌ను ఇద్దాం. పోరగాళ్లు ఎదిగేదాంక నేను కాపాడి మళ్లీ ఆయనకే అప్పజెప్త' అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

ధర్మేందర్ తెర మీది ఆ రెండు పేర్లను మళ్లీ చదివాడు.

"ఫోన్ కలుపు," అన్నాడు. "ఈ ఆదివారం నేనే చాయ్ తాపిస్త అని చెప్పు."

శ్రీను ఫోన్ తీయలేదు.

"కిడ్నీలు ఖరాబైనయన్నా ఆయనకు. బయటికి పోవుడే తక్కువ. పోయిన వారం ఖమ్మం దవాఖానల కాలం జేసిండు. వేములపల్లి తీస్కపోయి మట్టి జేసిన్రు."

బయట బస్సుల హారన్లు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"నా మీద ఆయనకు గంత ప్రేమెందుకురా? నేనెవరో గూడ తెల్వదు గదా."

"తెల్వకేందన్నా?"

"ఏడుండేటోడు?"

శ్రీను అతని వైపు వింతగా చూశాడు.

"నీ పక్క రూమే గదన్నా! తలుపు కొట్టమంటే మొకమాటపడేటోడు గని, మ్యాచ్ గెలిచి నువ్వు కేకేసిన రోజు గోడ అవతలికి వినొస్తే, 'ఇయ్యాల నా రూంల గూడ ఇంకో మనిషి ఉన్నట్టే ఉన్నది శ్రీనూ' అని ఫోన్ జేసి మరీ చెప్పేటోడు."